మా మామ మీద యుద్ధనేరం

మా మామ ఊరికి పటేలు. మా ఊరు కొంటా దగ్గర, శబరి ఒడ్డున, బస్తరు రాజ్యంలో ఉండేది. అవతలి ఒడ్డు తెల్లదొరల ఏలుబడి. నా పుట్టిల్లు అక్కడ. మధ్యలో ఏరు మాత్రం ఏ సర్కారు మాటా వినేది కాదు. వానలు వెనకపట్టాక ఏటా ఒక ఇసుక దిబ్బను తేల్చేది, ఒకసారి మా వైపు, ఒకసారి వాళ్ళ వైపు. దాని మీద దోస బాగా పండుతుంది. అందుకని రెండు ఊళ్ళూ ఏటా దాని మీదే కర్రలతో కొట్టుకునేవి. ఇంత చేసి గెలిచాక, పండిన దోసకాయల్లో సగం నక్కలు తినిపోయేవి.

కొట్లాటకొక పద్ధతి ఉంది. పటేలు వాకిట్లో ఇప్పసారా కుండ మూత తీయనిదే ఎవడూ కర్ర ముట్టడు. ముందు ఊరి తల్లికి నేల మీద ఒక చుక్క, తర్వాత మగవాళ్ళకు ఆకు దొప్పల్లో. ఆ సారా కాచేది మా అత్త. మామ కర్ర పట్టగా నేనెప్పుడూ చూడలేదు. గట్టు మీద నిలబడి "కొట్టండిరా" అనడమే ఆయన వంతు. రాజీ నాడు దెబ్బలు తిన్నవాళ్ళే జరిమానాగా పందిని ఇచ్చేవాళ్ళు, రెండు ఊళ్ళ పటేళ్ళూ దాన్ని తినేవాళ్ళు. అది న్యాయమేనని అందరూ అనుకునేవారు.

జర్మనీ వాళ్ళ పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నాకు తొలిచూలు. ఏడో నెలలోనే పుట్టింటికి పోవలసింది, ఏరు పొంగి ఉండి ఆగాను. వరద తగ్గగానే మా అన్న పడవ వేసుకొని వచ్చాడు. అదే రోజు దిబ్బ కూడా తేలింది. మామ వెంటనే పడవను గట్టు మీదికి లాగించేశాడు. కొట్లాట అయి రాజీ కుదిరే దాకా ఏరు దాటకూడదు, అది కట్టుబాటు. రాజీ అంటే శివరాత్రి దాటాల్సిందే. నాకేమో నెలలు నిండాయి. అన్నను మాత్రం ఈదుకుంటూ పొమ్మన్నాడు. ఎదుటి వరసలో మనిషి తక్కువైతే తన పరువేం కావాలట! తొలికాన్పు అమ్మ చేతుల్లో జరగదేమోనని నాకు ఏడుపొచ్చింది, అంతకు మించి ఒళ్ళు మండింది.

మా అన్న యుద్ధంలో పటాలానికి వంట చేసి వచ్చినవాడు. అన్నం తింటూ పేపరు కబురొకటి తీశాడు.

"మామా, లోకంల కొత్త చట్టం వచ్చింది. జర్మనీల యుద్ధం మొదలుపెట్టిన పెద్దలను బోనెక్కిచ్చిన్రు. నాలుగు దేశాల జడ్జీలు కూసున్నరు. తుపాకి పట్టిచ్చినోడెవడని అడిగిన్రు. ఇంకోళ్ళ నేల మీదికి పోవాలని ఎత్తు ఏసుడే నేరమంట."

మామ నవ్వాడు. "వాళ్ళు ఓడిన్రు గదరా అల్లుడా. గెలిచినోణ్ణి ఎవడన్న బోనెక్కిచ్చిండా?"

అన్న పప్పు కోసం కంచం ముందుకు జరిపాడు. ఆ సంగతి పేపర్లో రాలేదు కాబోలు.

పప్పు వడ్డిస్తున్న అత్త గరిటె ఆపింది. "అందుకే గెలవకముందే అడగాల," అంది.

"అట్లా కాదత్తా," అన్నాడు అన్న. "ముందు యుద్ధం కావాల. ఆ తర్వాతనే విచారణ."

"చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటరా? ఆ చట్టం రాసినోళ్ళల్ల ఆడది ఒక్కతి గూడ లేదు గావచ్చు."

ఆ సాయంత్రమే అత్త మా వాకిట్లో విచారణ కచేరీ పెట్టింది. మా ఊరి కోడళ్ళలో సగం మంది అవతలి ఒడ్డు ఆడపడుచులే కాబట్టి వాళ్ళు ఒక దేశం. అత్తలు ఒక దేశం. దోర్ల జాతి వాళ్ళ గూడెం నుంచి ఒక ముసలమ్మను పిలిచింది. ఇంకా ఒక దేశం తక్కువైందని, సంతలో ఉప్పు అమ్ముకొని పోతున్న, హల్బీ భాష మాట్లాడే ఉప్పులామెను ఆపి కూర్చోబెట్టింది. ఆమెకు మా మాట ఒక్క ముక్క రాదు. జడ్జికి అదే మంచిదని అత్త అంది.

మామను బోర్లించిన కోళ్ళగంప ఎక్కమన్నారు. ఆయన బరువుకు అది ఆగదని తేలాక, పక్కన నిలబడనిచ్చారు.

"దిబ్బ ఎవరిది?" అంది అత్త.

"మనది. మన దిక్కు తేలింది గద."

"పోయినేడు అవతలి దిక్కు తేలింది. అప్పుడెవరిది?"

"అప్పుడు గూడ మనదే."

కోడళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు.

"మరి సారా ఎందుకు కాపిచ్చినవ్?"

"కాసింది నువ్వు గదనే!" అన్నాడు మామ.

అత్త కుండ వంక చూసింది. తర్వాత లేచి పోయి మొగుడి పక్కన నిలబడింది. "అవు. ఎత్తు ఈయనది, తయారీ నాది. నేను గూడ నేరస్తురాలినే," అంది.

దాంతో ఇంకొకామె లేచింది, కర్రలకు నూనె పెట్టింది తనేనని. దొప్పలు కుట్టింది నేను. పొట్ట పట్టుకొని నేనూ పోయి నిలబడ్డాను. దోర్ల ముసలమ్మ కూడా, ఇప్పపువ్వు ఏరింది తానే కదా అనుకుంటూ కర్ర ఊతగా వచ్చేసింది. చివరికి నాలుగు దేశాలకు ఉప్పులామె ఒక్కతే జడ్జి.

ముసలమ్మ ఆమెకు హల్బీలో సంగతంతా చెప్పింది. ఉప్పులామె పొద్దు వంక చూసి, గంప సర్దుకుంటూ ఏదో అంది. ముసలమ్మ మాకు చెప్పింది: "కొట్లాటకు పిలిచినోడు ఒట్టి చేతుల్తోని అందరికంటే ముందట నడవాలంట. ఇగ ఈమెను పోనియ్యాలంట."

మామ ఏటి వైపు చూశాడు. "ఈయేడు ఇసుక పల్చగున్నది. దోస సరిగ్గ రాదు," అన్నాడు. అంతటితో యుద్ధం ఆగింది. సారాను మాత్రం ఎవరూ పారబోయలేదు. తీర్పు బాగుందని ఆడవాళ్ళే తాగారు.

మర్నాడు పొద్దున్నే పడవ నీళ్ళలో పడింది. నన్ను తానే దింపి వస్తానని మామ కూడా ఎక్కాడు. పటేలయ్యాక ఆయన ఆ ఒడ్డున కాలు పెట్టడం అదే మొదలు. మా చిన్నాయన ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళు పెట్టించాడు. తర్వాత తాగే నీళ్ళ చెంబును ఎడమ చేత్తో చాచాడు.

మామకు కోపం నషాళానికెక్కింది. "వియ్యంకునికి ఎడమ చేత్తోని నీళ్ళిస్తవా? ఏందీ మర్యాద?"

చిన్నాయన తడబడి కుడిచెయ్యి ఎత్తబోయాడు. అది నడుము దాకా వచ్చి ఆగిపోయింది. "తప్పుగ అనుకోకు బావా," అన్నాడు. "పోయినేడు దిబ్బ మీద విరిగింది. మల్ల లేస్తలేదు."

మామ భుజం మీది తువ్వాలు తీసి, వంగి, రెండు చేతులా ఆ చెంబు అందుకున్నాడు.