నాగలింగాచారి తువ్వాలు

ఆళ్ళగడ్డ రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే నాగలింగాచారిని రాతి దుమ్ము ఏమీ చెయ్యదు, లారీల హారన్లూ ఏమీ చెయ్యవు. ఆయన చిరాకంతా చైనా డాన్సు మీదే. ఎక్కడో చైనాలో జనం వరుసగా నిలబడి ఆడిన ఆట ఫోన్లలోకెక్కి, లోకమంతా తిరిగి, రోజూ సాయంత్రం ఆయన విగ్రహాల ముందుకే వచ్చి దిగుతుంది. పక్కింటి ఆర్షియా, ఆమె కాలేజీ స్నేహితురాళ్లు వరుస కట్టగానే ఆయన కుడిచేతిలో సుత్తి అలాగే పట్టుకుని, ఎడమచేత్తో భుజం మీది తువ్వాలు లాగి, దుమ్ము లేచేలా విదిలిస్తాడు. "ఏందీ ఎగురుడు? ఇంగ యాడా చోటు లేదా మీకు?" మొన్న ఆ విదిలింపు కూడా వీడియోలో పడింది. అది ఎంత పాకిందంటే, నిన్న డోన్ ఊరి నుంచి కుర్రాళ్లు కొందరు బండ్ల మీద వచ్చి, ఆయన ఎదుటే వరుసగా నిలబడి, కుడిచేతుల్తో తువ్వాళ్లు విదిలించారు. ఆయనకు ఒళ్లు మండిపోయింది. "థూ! సుత్తి కుడిచేతిలో ఉంటే, గుడ్డ ఎడమచేత్తో గదప్పా ఇదిలించేది! ఇట్ల జూడండి!" అంటూ వెళ్లి వరుస ముందు నిలబడ్డాడు. ఆయన విదిలించాడు, వెనక వాళ్లూ విదిలించారు. ఆర్షియా నవ్వాపుకుంటూ ఫోన్ పైకెత్తింది. ఆయన వెనక్కి తిరిగి చూసి ఆమె మీద అరిచాడు: "అప్పుడే తియ్యొద్దు, ఉండుమ్మా! ఆ కడాన ఉండేవోనికి ఇంగా రాలేదు!"