ఐదో జంపు మా అత్తగారిది

మా అత్తగారు జన్మలో గుర్రమెక్కలేదు. ఎవరైనా ఎక్కమంటే, "నేను కుట్టిన ప్యాంట్లు రోజూ ఎక్కుతున్నాయి, చాల్లే" అంటారు. ముప్పై నాలుగేళ్ళు బట్టలు కుట్టిన చెయ్యి ఆవిడది. గుర్రపుస్వారీ క్లబ్బువాళ్ళకు ప్యాంట్లు కుట్టి ఇస్తూ ఉండగా ఒకసారి పోటీలకు మనుషులు చాలలేదు. సాయానికి రమ్మంటే వెళ్ళారు. అప్పటినుంచి పదకొండేళ్ళుగా ప్రతి పోటీలోనూ ఐదో నంబరు జంపు ఆవిడదే. జీతం లేదు, భత్యం లేదు. మధ్యాహ్నం ఒక బన్ను, రెండు కప్పుల టీ ఇస్తారు. ఆ బన్నులో కూడా సగం ఇంటికి తెచ్చి నాకే పెడతారు.

టేపుతో పనిలేకుండా కంటితోనే కొలత చెప్పేస్తారని క్లబ్బులో అందరూ ఆవిడను టేపమ్మ అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా తల కాస్త పైకి లేస్తుంది. ఇంట్లో నేను అరటికాయ ముక్కలు కోసినా సైజుల్లో తేడా ఎంతో చెప్పే మనిషి. ఆ బాధ పడేదాన్ని నేను.

జంపు దగ్గర పని చూడ్డానికి చిన్నదే. రెండు స్తంభాలు, వాటికి పైనుంచి కిందిదాకా బెజ్జాలు. బెజ్జాల్లో ఇనుప కొక్కేలు దూర్చి, వాటిమీద అడ్డుకర్ర ఆనిస్తారు. గుర్రం కాలు తగిలి కర్ర పడిందా, రౌతుకు నాలుగు తప్పులు. తరువాతి గుర్రం వచ్చేలోగా మా అత్తగారు దాన్ని మళ్ళీ అదే ఎత్తున పెట్టాలి. ఎక్కడైనా తేడా వస్తే ఎర్రజెండా ఎత్తాలి. అప్పుడు జడ్జి గంట కొట్టి పోటీ ఆపేస్తారు.

ఐదో జంపుకు మాత్రం ఒక కిటుకుంది. అక్కడ నేల ఎడమవైపు పల్లం. ఎడమ కొక్కేన్ని ఒక బెజ్జం పైన పెడితేగాని కర్ర సమంగా నిలబడదు. పదకొండేళ్ళుగా ఆవిడ అలాగే పెడుతున్నారు.

ఈసారి కొత్త సెక్రటరీ వచ్చాడు. వృత్తికి పళ్ళడాక్టరు. దేన్ని చూసినా పుచ్చు ఎక్కడుందా అని వెతుకుతాడు. పోటీలకు ముందే మైదానమంతా చదును చేయించాడు, జంపుకో కొలకర్ర ఇప్పించాడు. మా అత్తగారితో, "అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఎండలో మీకెందుకండీ ఈ శ్రమ? ఈ శని, ఆదివారాలు చూద్దాం. కష్టమనిపిస్తే పేర్లు రాసే బల్ల దగ్గర నీడపట్టున కూర్చుందురుగాని" అన్నాడు. తోడుకు నన్ను కూడా రమ్మన్నాడు.

ఆవిడ నాతో, "బల్ల దగ్గర కూర్చోబెట్టడమంటే ఇంటికి పంపడమే. ఒక్క పొరపాటు దొరికితే చాలు ఆయనకి" అన్నారు. కొలకర్ర మీద చేతిరుమాలు ఆరేశారు.

శనివారం రెండో గుర్రం కర్రను గట్టిగా తన్నింది. పొద్దున క్లబ్బువాళ్ళు కొలిచి పెట్టిన ఎడమ కొక్కెం కూడా ఊడి పడింది. ఆవిడ చకచకా వెళ్ళి అన్నీ సర్దేసి వచ్చారు. మూడో గుర్రం మీద వచ్చిన మందులషాపాయన బాగానే దాటాడు. నాలుగో గుర్రానికి కర్ర పడింది. ఐదోదానికీ పడింది. రెండుసార్లూ తగిలింది ఎడమవైపే.

కర్ర పెట్టి తిరిగి వస్తూ ఆవిడ ఆగిపోయారు. ఒక కన్ను మూసి కర్రకేసి చూశారు.

"అమ్మాయ్, చదును చేశారుగా. నా చెయ్యి కొక్కేన్ని పాత బెజ్జంలోనే పెట్టేసింది."

నేనూ చూశాను. ఎడమవైపు మూడు వేళ్ళ ఎత్తు ఎక్కువ. ఆరో రౌతు అప్పుడే గుర్రాన్ని మైదానంలోకి తెస్తున్నాడు. సెక్రటరీ అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"అత్తయ్యా, చప్పుడు చెయ్యకుండా ఒక బెజ్జం దించేద్దాం. ఎవరూ చూళ్ళేదు."

"కొక్కెం దించుతావు సరే. ఆ ఇద్దరి నెత్తిన పడ్డ తప్పులు ఎవరు దించుతారే? వంకర కుట్టు విప్పాల్సింది కుట్టినవాళ్ళే."

అంటూనే ఎర్రజెండా ఎత్తేశారు. గంట మోగింది. జడ్జి వచ్చారు, వెనకే సెక్రటరీ.

"నేనే తప్పు పెట్టానండి. మూడు గుర్రాలు దీనిమీదనుంచి వెళ్ళాయి. ఇద్దరికి అన్యాయం జరిగింది" అన్నారు మా అత్తగారు.

జడ్జి కొలిచి చూసి, ఆ ఇద్దరికీ మళ్ళీ అవకాశమిచ్చారు. మందులషాపాయన మాత్రం అందరికంటే ఎత్తు దూకింది తానేనని సాయంత్రం దాకా చాటింపు వేసుకున్నాడు. సెక్రటరీ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

సాయంత్రం ఆఫీసు గోడకు ఆదివారం పట్టిక అంటించారు. ఎవరెవరు ఏ జంపు దగ్గరో అందులో ఉంది. ఐదో నంబరు ఎదురుగా ఖాళీ. నాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళ చాకిరీకి ఇదా మర్యాద? ఆ మాటే పైకి అనేశాను. ఆవిడ నన్నసలు పట్టించుకోలేదు. దారంతో వేలాడుతున్న పెన్ను అందుకుని ఆ ఖాళీలో 'టేపమ్మ' అని రాశారు. కింద 'కోడలు' అని కూడా రాశారు. నన్ను అడగనైనా లేదు.

ఆదివారం తెల్లవారుతూనే వెళ్ళాం. ఆవిడ చేతిరుమాలు తీసేసి కొలకర్ర పట్టుకున్నారు. ఎడమ, కుడి కొలిచారు. సమానం. ఎప్పుడు వచ్చాడో, సెక్రటరీ వెనక నిలబడి ఉన్నాడు.

"పట్టికలో మీరే రాసుకున్నారా?"

"మీరు మర్చిపోయారేమోనని."

"మర్చిపోలేదండీ. మిమ్మల్ని ఎక్కడ వెయ్యాలో తేలక వదిలేశాను." ఆయన చేతిలోని పుస్తకం మూశాడు. "తప్పు జరిగితే ఇక్కడ ఎవరూ నాకు చెప్పరు. నేనే వెతుక్కోవాలి. మొదలుపెట్టేలోగా మిగతా పదకొండు జంపులూ కూడా ఒకసారి చూసిపెడతారా?"

"దానికేం భాగ్యం" అని మా అత్తగారు కొలకర్ర నా చేతిలో పెట్టి నడిచారు. ఏడో జంపు దగ్గర ఆగి ఒక కన్ను మూశారు.

"కుడివైపు ఒక బెజ్జం ఎక్కువ."

కొలకర్ర పెట్టి కొలిచాను. ఎక్కువే ఉంది.