రేలీన్ నమ్మని బండి

రేలీన్ కాటరిల్ దేన్నైనా నమ్మే ముందు ఒకసారి వంగి కింద చూస్తుంది. మనిషైతే బూట్లు, బండైతే టైర్లు. ముప్పై ఒక్క ఏళ్ళు మర్రాబిల్ ఊరి బడి బస్సు నడిపింది. రిటైరై నాలుగేళ్ళయినా ఈ అలవాటు మాత్రం రిటైరు కాలేదు. పాలసీసా మీద తేదీ నమ్మదు, మూత తీసి వాసన చూస్తుంది. టీవీలో వాన పడదని చెబితే ఆ రోజు ఉతికిన బట్టలు బయట ఆరేయదు. అల్లుడు కోరీని పదకొండేళ్ళుగా గమనిస్తోంది. అతని విషయంలో ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు.

ఆమె అనుమానానికి ఊళ్ళో విలువుంది. ఒక వరదల ఏడు, సాయంత్రం బస్సులో ఇరవై ఆరుగురు పిల్లలతో వస్తుంటే వాగు మీది రోడ్డును నీళ్ళు కప్పాయి. లోతు రెండు వేళ్ళకు మించి లేదు. అయినా ఆమె బస్సు ఆపేసింది. పిల్లలు గోల చేశారు, హెడ్మాస్టరు ఫోన్ చేసి తిట్టాడు. నీళ్ళు దిగాక చూస్తే వాటి కింద సగం రోడ్డు లేదు. ఆ రోజు నుంచి రేలీన్ అనుమానపడితే నవ్విన వాళ్ళు లేరు. ఎదురు చెప్పిన వాళ్ళూ లేరు. గొడవంతా ఆ రెండో దాంతోనే వచ్చింది.

కూతురు టామ్సిన్ ఆసుపత్రిలో నర్సు. చంటివాడి కోసం మూడేళ్ళు ఇంట్లో ఉండి, ఆ సోమవారం నుంచి మళ్ళీ డ్యూటీలో చేరుతోంది. పొద్దున ఆరింటికల్లా అక్కడ ఉండాలి. కోరీ గోధుమ విత్తే పనిలో ట్రాక్టరు దిగడం లేదు. మరి ఎనిమిదేళ్ళ ఇండీనీ, మూడేళ్ళ ఆర్లోనీ పొలం నుంచి ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి ఎవరు తీసుకెళ్ళాలి? "సరేలే, ఎవరూ లేకపోతే నేనే తిప్పుతాను," అంది రేలీన్. పైకి అలా అంది గానీ, బస్సు తాళాలు తిరిగిచ్చిన రోజు నుంచీ అలాంటి పిలుపు కోసమే కాచుకుని ఉంది.

ఆ పని కోసమే కోరీ సముద్రం వైపు ఊళ్ళో ఒక టీచరమ్మ దగ్గర పెద్ద ఎస్‌యూవీ కొన్నాడు. కొన్నది పాతబండే. రేలీన్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఏడు సీట్లు, ఐదు చుక్కలు," అన్నాడు కోరీ. అత్తని అతను రే అనే పిలుస్తాడు. "గుద్దించి చూసే పరీక్షలో ఫుల్ మార్కులు, రే."

"దేనికి గుద్దించారు?"

"గోడకి."

"మన దారిలో గోడలెక్కడున్నాయ్ నాయనా? మసక చీకట్లో అడ్డం దూకే కంగారూలకి ఎన్ని చుక్కలిచ్చారో కనుక్కో."

"అందుకేగా ముందు ఇనుప కమ్మీలు బిగించింది."

"ఏడుగురూ ఎక్కితే కుక్క ఎక్కడ కూర్చుంటుంది?"

"కుక్క రాదు."

"ఆ ముక్క కుక్కకి చెప్పావా?"

మంగళవారం పిల్లల సీట్లు బండిలో రేలీన్ తనే బిగించింది. కోరీ స్క్రూడ్రైవరు పట్టుకుని వస్తే మోచేత్తో పక్కకి నెట్టింది. "నువ్వు పుట్టకముందు నుంచీ కడుతున్నాను ఇవి. తప్పుకో."

బుధవారం పిల్లలు అమ్మమ్మ ఇంటికి పాత కారులోనే వచ్చారు. గురువారమూ అంతే. కొత్తగా కొన్న బండి రేకుల షెడ్డులో తాళం వేసి ఉంది. ఎందుకని అడిగితే కోరీ తల గోక్కున్నాడు. "శనివారం నెవ్ చూశాక ఎక్కిద్దాం, రే. అందాకా పాతదే నయం."

నెవ్ ఒకప్పుడు అంబులెన్సు నడిపేవాడు. నెలకో శనివారం ఫైరింజన్ షెడ్డు ముందు చాప పరుచుకుని, ఊళ్ళో కార్లలో పిల్లల సీట్లు సరిగ్గా బిగించారో లేదో ఉచితంగా చూసిపెడతాడు. చూపించుకోవడంలో తప్పేం లేదు. కానీ కొన్న బండిలో కన్నపిల్లల్ని ఎక్కించడానికి తండ్రి జంకుతున్నాడంటే ఏదో ఉండే ఉండాలి. సముద్రం వైపు నదులు పొంగి రెండేళ్ళయింది. అప్పుడు మునిగిన కార్లను ఆరబెట్టి, సెంటు కొట్టి, అమ్ముతున్నారని ఊరంతా అనుకుంటోంది. ఈ వెధవకి మునిగిన బండి అంటగట్టారు. ఇప్పుడు తెలిసొచ్చి, నోరు విప్పలేక నెవ్ పేరు చెబుతున్నాడు. రేలీన్ అలా తేల్చేసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం కోరీ పొలంలోనూ, టామ్సిన్ ఊళ్ళోనూ ఉండగా వాళ్ళింటికెళ్ళి, గుమ్మం పక్కన తగిలించిన తాళంచెవితో షెడ్డు తెరిచింది. ఏడు బెల్టులనూ చివరికంటా లాగింది. నీళ్ళలో మునిగిన బండి బయటంతా కడిగినా బెల్టు చుట్ట లోపలి కొసన బురద చార మిగులుతుంది. చార లేదు. సీట్ల కింద తివాచీ ఎత్తి ముక్కు ఆనించింది. స్టెప్నీ పెట్టే గుంటలో చెయ్యి పెడితే గరగరమని ఏదో తగిలింది.

"దొరికావ్!" అంది పైకే.

దాన్ని అరచేతిలో వేసి ఉమ్మి తడి చేసి వేలితో నలిపింది. నది ఒండ్రు అయితే జిగురులా సాగాలి. ఇది సాగలేదు, పలుకులు పలుకులుగా విడిపోయింది. మధ్యలో ఒక చిన్న గవ్వ. వట్టి బీచి ఇసక! టీచరమ్మ పిల్లలు కాళ్ళకు అంటించుకుని తెచ్చిందే.

ఇంకొకరైతే అక్కడితో ఊపిరి పీల్చుకునేవారు. ఏమీ దొరకలేదంటే బాగా దాచారన్నమాట అనుకుంది రేలీన్. అక్కడి నుంచే కూతురికి ఫోన్ చేసింది.

"నిజం చెప్పు టామీ. ఆ బండికేమయింది?"

"బండికేం కాలేదమ్మా."

"మరి పిల్లల్ని ఎందుకు ఎక్కనివ్వట్లేదు మీ ఆయన?"

"రేపు నువ్వు కూడా రా," అంది టామ్సిన్.

మొగుడితో కలిసి ఇదీ దాస్తోంది. రేలీన్‌ ఫోన్ పెట్టేసి షెడ్డుకు మళ్ళీ తాళం వేసింది.

శనివారం ఫైరింజన్ షెడ్డు ముందు నాలుగు కార్లు వరసలో ఉన్నాయి. నెవ్ టార్చిలైటు నోట్లో పెట్టుకుని ఇండీ సీటు చూశాడు, బొటనవేలు పైకెత్తాడు. తర్వాత డిక్కీ వైపు వెళ్ళి ఆర్లో సీటు వెనక పట్టీ వెంట చేయి పోనిచ్చాడు. చేయి ఆగింది. టార్చి నోట్లోంచి తీశాడు.

"ఇదెవరు కట్టారు?"

"ఇంకెవరు?" అంది రేలీన్, వేలు అప్పటికే కోరీ వైపు తిరిగింది. "చెప్పానా లేదా? వీడి చేతికి పిల్లి మెడలో గంట కట్టే పని కూడా ఇవ్వకూడదు. నేను కట్టింది విప్పి మళ్ళీ కట్టుంటాడు. ఏమయింది నెవ్, వదులుగా ఉందా?"

"వదులు కాదు, బిగువుగానే ఉంది. తగిలించిన చోటే తప్పు." నెవ్ డిక్కీ నేల మీదున్న నల్ల రింగును తట్టాడు. "ఇది సామాన్లు కట్టుకోడానికి. పిల్లాడి సీటు కొక్కెం తగిలించేది ఇక్కడ, వాడు కూర్చునే బండి సీటు వీపు మీద, ఈ మూత కింద. బండి గట్టిగా గుద్దుకుందనుకో, ఈ రింగు ఊడి చేతిలోకొస్తుంది. సీటూ పిల్లాడూ కలిసి ముందుకి తిరగబడతారు."

"విన్నావా?" రేలీన్ గొంతు వరసలో చివరి కారు దాకా వినిపించింది. "మూడేళ్ళ పిల్లాడు! బుర్రుందా నీకు?"

కోరీ నేల చూపులు చూస్తున్నాడు. తప్పు చేసినవాడు ఇలాగే నిలబడతాడు అనుకుంది ఆమె.

నెవ్ కొక్కెం విప్పి పట్టీ బయటికి లాగాడు. మిగిలిన కొస చక్కగా చుట్టచుట్టి ఉంది, దాని మీద రబ్బరు బ్యాండు రెండు చుట్లు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు మందులపెట్టెలో కట్లగుడ్డలన్నీ రేలీన్ అలాగే చుట్టేది. అలా చుట్టే మనిషి ఊళ్ళో ఇంకొకరు లేరు. నెవ్‌కు తెలుసు. అతను పట్టీనే చూస్తూ ఉండిపోయాడు, ఆమె మొహం చూడలేదు.

ఆమెకు మంగళవారం కళ్ళకు కట్టింది. టామ్సిన్ చిన్నప్పటి పొడుగు కారులో సీటు పట్టీ వెనక నేల మీద బోల్టుకే తగిలించేది. చెయ్యి తనంతట తాను అక్కడికే వెళ్ళింది. అక్కడ ఒక రింగు ఉంది. ఉంది కదా అని తగిలించేసింది. ఈ బండి తాలూకు పుస్తకం తెరవనైనా లేదు. పాలసీసా తేదీ నమ్మని మనిషి తన చేతిని మాత్రం చూడకుండా నమ్మేసింది.

"నేనే," అంది. గట్టిగా మళ్ళీ అంది. "నెవ్, అది కట్టింది నేను. వీడు కాదు."

వరసలో ఎవరో దగ్గారు. కోరీ తలెత్తాడు.

"నువ్వు చూశావు," అంది అతన్ని. "ఎప్పుడు?"

"మంగళవారమే. మీరు వెళ్ళాక."

"మరి సరిచెయ్యలేదేం?"

"సరిచేస్తే మీరేం చేసేవారు?"

ఏం చేసేదో ఆమెకు తెలుసు.

"విప్పి మళ్ళీ మీ పద్ధతిలోనే కట్టేవారు," అన్నాడు కోరీ. "సోమవారం వాణ్ణి ఎక్కించుకుని వెళ్ళిపోయేవారు. నా మాటకి విలువెక్కడుంది రే? నెవ్ చెబితే వింటారని..."

"మీ ఇద్దరూ కలిసే అనుకున్నారా?"

"అవునమ్మా," అంది టామ్సిన్. ఆర్లోను చంకనెత్తుకుని ఉంది. "నీకు చెప్పడానికి నాకే భయమేసింది. నీ కూతురికి! ఇంకెవరు చెప్తారు నీకు?"

రేలీన్ సంచిలోంచి తనకిచ్చిన బండి తాళం తీసి కూతురి చేతికి అందించింది. "సోమవారానికి ఇంకెవరినైనా చూసుకో."

"ఇంకెవరున్నారు?" టామ్సిన్ తాళం తీసుకోలేదు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి గానీ గొంతు మాత్రం నర్సు గొంతే. "తిప్పేది నువ్వే. కానీ బండి కదిలే ముందు రోజూ కోరీ ఒకసారి చూస్తాడు. తను చూడనిదే బండి కదలకూడదు. ఒప్పుకుంటేనే."

అంతకన్నా చెంపదెబ్బ నయం. రేలీన్ అల్లుడి బూట్ల వైపు చూసింది, తర్వాత ఆర్లో మొహం వైపు.

"చూడనీ," అంది.

నెవ్ చెప్పినట్టే మూత తీసి, సీటు వీపు మీద కొక్కెం తనే తగిలించింది.

సోమవారం ఏడింటికి కోరీ ట్రాక్టరు ఆపి, గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు. పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. వెనక తలుపులోకి వంగి పట్టీలు లాగి చూశాడు. రేలీన్ చేతులు కట్టుకుని అతని భుజం మీంచి చూస్తోంది.

"బాగున్నాయి," అన్నాడు.

"ఎడమది ఒకసారే లాగావు."

"రెండుసార్లు లాగాను."

"ఒకసారే. నేను చూశాను."

కోరీ నిట్టూర్చి మళ్ళీ వంగి లాగాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు నా వంతు, జరుగు." ఆమె కూడా వంగి, రెండూ లాగి చూసింది. "రేపు కూడా ఇదే టైముకి రా. నీకోసం ఆగితే బడి గంట కొట్టేస్తారు," అని స్టీరింగు వైపు నడిచింది.