గ్లాసు మీద అట్టబిళ్ళ

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. జర్మనీలోని మా కొలోన్‌లో బీరు వడ్డించేవాడికి మాత్రం ఆ సామెత పనికిరాదు. మెత్తగా మాట్లాడేవాణ్ణి ఇక్కడ వారం కూడా పనిలో ఉంచుకోరు. నీలం చొక్కా, మోకాళ్ళు దాటే ఏప్రన్, నడుముకి తోలుసంచి, నోటినిండా వెటకారం ఉంటేనే అతన్ని క్యోబెస్ అంటాం. వచ్చింది మేయరైనా, మూటలు మోసేవాడైనా క్యోబెస్‌కి అందరూ 'నువ్వే'.

గేరియోన్ అలాంటి క్యోబెస్. పెద్ద చర్చి వెనక సందులో, మా తాతల నాటి బీరుశాలలో, జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి తెల్లబడేదాకా వడ్డించాడు. నేను పీపా దగ్గర నిలబడి గ్లాసులు నింపేవాణ్ణి. నా చేతిలోంచి అతని చేతిలోకి వెళ్ళిన బీరంతా రైన్ నదిలో పోస్తే వరదొచ్చేది.

మా దగ్గర ఇంకో గ్లాసు తెమ్మని ఎవరూ అడగరు. గ్లాసు చిన్నది. ఖాళీ కాగానే క్యోబెస్ నిండుది తెచ్చి పెట్టేస్తాడు. చాలనుకున్నవాడు తన గ్లాసు మీద అట్టబిళ్ళ మూత పెట్టాలి. అంతవరకూ వస్తూనే ఉంటుంది.

గేరియోన్ చేత తిట్లు తినడానికి, మాకు బొత్తిగా పడని పక్కూరు డ్యుసెల్‌డార్ఫ్ వాళ్ళు కూడా రైలెక్కి వచ్చేవారు. పొరపాటున ఎవరైనా మంచినీళ్ళడిగితే చాలు, "సబ్బూ తువ్వాలూ కూడా తేనా?" అనేవాడు. హాలు హాలంతా పగలబడి నవ్వేది. బజార్లో కూరగాయలమ్మే స్టీనా ఆ మాట కోసమే అప్పుడప్పుడూ నీళ్ళడిగేది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నీళ్ళు తాగగా నేను చూడలేదు.

"నీ మొహానికి సబ్బు చాలదే, ఇసక కావాలి" అనేవాడు గేరియోన్.

"ముందు నీ నాలిక తోముకోరా, మురికికాలవ!" అనేది స్టీనా. ఇద్దరికీ ఆ పూట కడుపు నిండేది.

ఆ ఏడు వసంతంలో అతని భార్య బెర్బెల్ మంచం పట్టింది. గేరియోన్ ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు గ్లాసుల్లో నురగ నిలవకపోతే నాకే అనుమానమొచ్చింది.

"నీ చేతులకి సబ్బు జిడ్డుందిరా. నురగ చచ్చిపోతోంది" అన్నాను.

అతను చేతులు చూసుకున్నాడు. "పొద్దున్నే బెర్బెల్‌కి ఒళ్ళు తుడిచి వస్తున్నా ద్రిక్కెస్. నీళ్ళు కాస్త చల్లగా ఉన్నా వణికిపోతోందిరా. ప్రతిసారీ అడుగుతా, చల్లగా లేవు కదా అని" అన్నాడు. తర్వాత చేతులు మళ్ళీ కడుక్కొచ్చి పళ్ళెం ఎత్తుకున్నాడు.

ఆకులు రాలే రోజుల్లో ఆమె పోయింది. సమాధి మీద పూలు వాడకముందే గేరియోన్ ఏప్రన్ కట్టుకుని వచ్చేశాడు.

"నాలుగు రోజులు ఇంట్లో ఉండకపోయావా?" అన్నాను.

"ఇంట్లో గడియారం తప్ప ఏదీ మాట్లాడట్లేదురా. ఇక్కడైతే ఎవడో ఒకడు తిడతాడు. అందుకే వచ్చా."

మొదటి బల్ల దగ్గర ముసలాళ్ళని, "ఏం, మీ పెళ్ళాలు ఇంకా తలుపు తియ్యలేదా?" అని పలకరించాడు. మామూలప్పుడైతే నలుగురూ కలిసి అతని వంశాన్ని కడిగేసేవారు. ఆ రోజు లేచి నిలబడి చెయ్యి పట్టుకున్నారు. "బాధపడకు గేరియోన్" అన్నారు. ఒక్కో గ్లాసు తాగి అట్టబిళ్ళ మూత పెట్టేశారు. పాపం, ఆ మనిషిని ఇంకా తిప్పడమెందుకని వాళ్ళ ఉద్దేశం. పక్క బల్లవాళ్ళకీ అదే తోచింది. ఆ పక్కవాళ్ళకీ అంతే. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. చూస్తుండగానే హాల్లో గ్లాసులన్నింటి మీదా మూతలు పడ్డాయి. మా వాళ్ళు మంచివాళ్ళు. ఆ మంచితనాన్ని ఆ రోజు తిట్టుకున్నంతగా నేను దేన్నీ తిట్టుకోలేదు.

గేరియోన్ నిండు పళ్ళెంతో హాలంతా తిరిగి, నిండు పళ్ళెంతోనే నా దగ్గరికొచ్చాడు. నా ఉద్యోగంలో అలా ఎన్నడూ జరగలేదు. గ్లాసుల్లో నురగ అణిగిపోయింది.

"బీరు బాలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది."

"మరి నేను బాలేనా?"

పీపా వదిలేసి స్టీనా దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ గ్లాసు మీదా మూతే ఉంది. "నీకు పుణ్యముంటుంది, అతన్ని తిట్టు. తిట్లు తిందామనే వచ్చాడు" అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. స్టీనా కళ్ళు తుడుచుకుంది. అట్టబిళ్ళ తీసి పక్కన పెట్టింది.

"ఒరేయ్ గేరియోన్! కాళ్ళకి ఊడలు దిగాయా? మంచినీళ్ళు తగలెయ్యి!" అని అరిచింది.

హాలంతా ఇటు తిరిగింది. గేరియోన్ మొహం వెలిగింది. గబగబా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నవ్వడానికి అందరం సిద్ధంగా ఉన్నాం.

"తెస్తానే తల్లీ" అన్నాడు. "సబ్బూ..."

ఆ తర్వాత మాట రాలేదు. నోరు తెరిచే ఉంది. సబ్బు జిడ్డు అంటిన ఆ చేతులు నాకప్పుడు గుర్తొచ్చాయి. ఎవరూ నవ్వలేదు.

అతను లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. రెండు చేతులతో పట్టుకుని ఆమె ముందు పెట్టి, పక్కనే నిలబడ్డాడు.

"చల్లగా లేవు కదా?" అన్నాడు మెల్లగా.

చలికాలం ముంగిట్లో కుళాయి నీళ్ళు మంచులా ఉంటాయి. స్టీనా గ్లాసెత్తి ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది.

"లేవురా నాయనా" అంది. "గోరువెచ్చగానే ఉన్నాయి."