మొగుళ్లపల్లామె చాట

ఎనభైల్లో, పెళ్లయి జనగామ వచ్చిన కొత్తలో, ఒక డ్రాయింగు సారు చదువురానివాళ్లు గీసిన బొమ్మలన్నీ తన ఇంటి ముందుగదిలో పెట్టాడంటే చూడబోయాను. గోడకు మా బాపమ్మ, అంటే నాయనమ్మ, చాట కనిపించింది. మెంతిపిండి అలికి, ఎర్రమట్టి జాజుతో గీసిన నెమళ్లు. నెమలికి మూడు కాళ్లు పెట్టేది ఆమె ఒక్కతే. ఆమె పోయాక ఆ చాటను మేమే పారేశాం. కింద చీటీ: "గీసినవారి పేరు తెలియదు."

"మా బాపమ్మది సార్," అన్నాను.

ఆయన సంబరంగా కలం తీశాడు. "పేరు చెప్పు బిడ్డా."

"మొగుళ్లపల్లామె."

"గది తల్లిగారూరు గదా. పేరేంది?"

అందరూ అట్లాగే పిలిచేవాళ్లు. నన్ను కన్న బాపు అప్పటికే లేడు. మా ఊరు చిట్యాల పోయి చిన్నాయనను అడిగాను.

"కన్నతల్లిని, అవ్వా అనే పిలిస్తిమి బిడ్డా. పేరెవలడిగిన్రు?"

పన్నెండేళ్లు ఆమె పక్కలో పడుకున్నదాన్ని. ఆ చీటీలో తప్పేమీ లేదు.