తుపాకీ అడిగిన కెప్టెనమ్మ

తోటి పైలట్ గాల్లోనే దుండగుడి కత్తికి బలయ్యాక, కెప్టెనమ్మ తనకూ తుపాకీ కావాలంది. తుపాకీ ఇచ్చే ముందు ఎంపిక పరీక్ష నేల మీదే, నకిలీ కాక్‌పిట్‌లో పెట్టారు. పక్క సీటు కావాలనే ఖాళీగా ఉంచారు. మబ్బుల్లో విమానాన్ని దించుతుండగా వెనక తలుపు బద్దలైంది. ఆమె బెల్టు విప్పుకుని గిర్రున తిరిగి, పరీక్షకిచ్చిన రంగు తుపాకీతో కాల్చింది. దుండగుడి వేషం వేసినవాడి గుండె మీద ఎర్రరంగు పడింది.

“ఒక్క దెబ్బకే పడగొట్టాను, మాస్టారూ!”

“పడగొట్టావు తల్లీ. మరి విమానం ఎవరు నడుపుతున్నారు?” అన్నాడు పరీక్ష పెట్టిన ముసలి పైలట్.

ఆమె ముందుకు తిరిగింది. తెర మీద విమానం కొండను గుద్దుకుని ఉంది.

“వదిలేస్తే నన్నూ పొడిచేవాడు కదండీ!”

“పొడిచేవాడేమో. వెనకున్న ప్రయాణికులు మాత్రం ఇప్పుడే పోయారు.”

ఆమె తుపాకీ ఆయన చేతిలో పెట్టి, బెల్టు బిగించుకుంది.

“మళ్లీ మబ్బుల్లోంచి మొదలుపెట్టండి. వీళ్లను కిందికి దించి వెళ్తాను.”