పెళ్లి ఫోటోను తలకిందులుగా పట్టుకుని చూసినాయన

మీ తప్పును మీ ముఖం మీదే చెప్పిన మనిషి ఒక్కరైనా ఉన్నారా మీకు? పొగిడినవాళ్ల సంగతి నాకొద్దు. చాటున అన్నవాళ్ల సంగతి అసలే వద్దు. ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి, "ఇది బాగలేదు, దీనికి కారణం నువ్వే" అన్న మనిషిని అడుగుతున్నాను. నాకు ఒకాయన ఉండేవాడు. పోయిన మంగళవారం పొద్దున ఆయన పోయాడు. నేనప్పుడు పాల కేంద్రంలో ఉన్నాను. పాలు పోయడానికి వచ్చిన ఒకామె క్యాను కింద పెడుతూ, "స్టూడియో పెద్దాయన పోయినాడంట గదా బ్రదరూ, పొద్దున్నే కాఫీ అడిగినాడంట, తాగకనే పోయినాడంట" అంది. నా చేతిలో పాలు పరీక్ష చేసే గాజు గొట్టం ఉంది. దాని మీద అంకె చదివాను. మరిచిపోయాను. మళ్లీ చదివాను.

పలమనేరులో పాత బస్టాండు దగ్గర మేడ మీద ఆయన ఫోటో స్టూడియో. నాకు బంధువు కాడు. మా చర్చి సంఘం మనిషీ కాడు. నుదుటి నిండా విభూతి పెట్టుకుని, సాయిబాబా పటానికి దండ వేసి గానీ షట్టరు పూర్తిగా ఎత్తేవాడు కాదు. నేనేమో పొద్దున పాలలో నీళ్లు పట్టుకునే ఉద్యోగం, సాయంత్రాలూ ఆదివారాలూ వాక్యం చెప్పే పని. ఏ కాలేజీ నన్ను బోధకుణ్ణి చేయలేదు. పాల క్యాన్ల మధ్య కూర్చుని చదువుకున్నవాణ్ణి. ఎవరు ఏ మాట అన్నా దానికి తగిన వాక్యం నా నోట సిద్ధంగా ఉండేది. అదే నా బలం అనుకునేవాణ్ణి.

మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లింది కరపత్రం ఇవ్వడానికి. ఆయన కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, కరపత్రాన్ని చెయ్యంత దూరంలో పట్టుకుని చాలాసేపు చూశాడు. పరిశుద్ధాత్మ ఆయనలో పనిచేస్తోందని సంతోషపడ్డాను.

"పేపరు మంచిదే వాడినావప్పా" అన్నాడు. "దీని మీద బొమ్మేసిన గొర్రెపిల్ల మాత్రం కుక్కపిల్ల మాదిరి ఉండాది. మార్పిచ్చు."

కోపంతో మెట్లు దిగాను. కింద నిలబడి చూస్తే నిజంగానే కుక్కపిల్ల. ఆ కరపత్రాలు అప్పటికే నాలుగు ఊళ్లలో పంచేశాను. ఎవరూ చెప్పలేదు. అందరూ రెండు చేతులా తీసుకుని కళ్లకు అద్దుకున్నారు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. చుట్టుపక్కల జనం వేరేవాళ్లు తీసిన పెళ్లి ఆల్బములు కూడా తెచ్చి ఆయనకు చూపించేవాళ్లు. నాయుడుపేటలో కూతుర్ని ఇచ్చినవాళ్లు అక్కడి ఆల్బము మోసుకుని వచ్చి చూపించడం నేనే చూశాను. ఆయన వెంటనే తెరిచేవాడు కాదు. ముందు ఒకటే అడిగేవాడు: "నిజం కావల్నా, బాగుండాదని చెప్పల్నా?" ఎగతాళిగా కాదు, కాఫీలో చక్కెర వేయమంటావా వద్దా అని అడిగినట్టు అడిగేవాడు. ఎక్కువమంది నవ్వి రెండోదే అడిగేవాళ్లు. "బాగుండాదమ్మా, పిల్లాపాపలతో సల్లగుండండి" అని ఆల్బము రెండు చేతులతో తిరిగి ఇచ్చేసేవాడు.

"అబద్ధం గదా అది?" అని ఒకసారి నిలదీశాను.

"అడగనోడికి నిజం చెప్తే అది తిట్టు అబ్బా. అడిగినోడికి చెప్పకపోతే దొంగతనం" అన్నాడు. దానికి తగిన వాక్యం కోసం ఇంటిదాకా వెతుక్కుంటూ వెళ్లాను.

ఇప్పుడు నా పెళ్లి ఫోటో సంగతి చెప్పాలి.

పెళ్లికి ముందు మా ఆవిడ బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, ల్యాబులో పనిచేసేది. గుజ్జు తీపి, పులుపు చూసి సరే అని సంతకం పెట్టేది. ఆమె సంతకం లేనిదే డ్రమ్ము కదిలేది కాదు. పెళ్లయ్యాక మానిపించాను. వాక్యం చెప్పేవాడి భార్య ప్రార్థన కూటాల్లో ఉండాలి గానీ ఫ్యాక్టరీ బస్సులో కాదని అన్నాను. సీజను వచ్చినప్పుడు మళ్లీ వెళ్తానని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వాక్యం తీసి చూపించాను. మూడోసారి అడగలేదు. లోబడిందని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. దేవుడు నన్ను క్షమించాలి.

పెళ్లిలో చర్చి బయట జంటగా ఫోటో తీసేటప్పుడు అందరిలా పూలగుత్తి పట్టుకుంటే మా భక్తికి ఏం సాక్ష్యం అనిపించింది నాకు. వేదిక మీదుండే పెద్ద బైబిలును తెప్పించాను. తోలు అట్ట, ఇత్తడి మూలలు, పసిబిడ్డంత బరువు. దాన్ని తెరిచి ఆమె రెండు చేతుల మీద పెట్టించాను. నేను పక్కన నిలబడి పేజీ మీద వేలు పెట్టాను. ఫోటోగ్రాఫరు, పాపం, నేను చెప్పినట్టే తీశాడు. నాకు ఎండ పడలేదనీ, నా కోటు ముడత పడిందనీ మళ్లీ మళ్లీ తీయించాను.

ఫోటో వచ్చింది. పెద్దది చేయించి ముందుగదిలో వాకిలికి ఎదురుగా తగిలించాను. ప్రార్థనకు వచ్చిన ప్రతివాళ్లూ "ఎంత సాక్ష్యంగా ఉండాది బ్రదరూ" అన్నారు. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా చెప్పులో చిన్న రాయి ఉన్నట్టు ఉండేది. ఏదో బాగలేదు. ఏమిటో తెలియదు. ఫోటోగ్రాఫరుకు పని రాదని తేల్చుకున్నాను.

ఒక సంవత్సరం తర్వాత బంగారుపాళ్యంలో మూడు రోజుల కూటాలు పెట్టారు. 'ఆశీర్వాద కుటుంబం' అనే అంశం మీద నేనే చెప్పాలి. ఫ్లెక్సీ మీద మా జంట ఫోటో వేస్తామన్నారు. సరే, ముందు దీన్ని బాగుచేయిద్దామని ఫ్రేములోంచి తీసి పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను.

"మా ఆవిడ ముఖంలో కొంచెం నవ్వు పెట్టాలి. కంప్యూటర్లో వస్తుందంట గదా."

"అది రెండు నిమిషాల పని. ముందు చెప్పు, నిజం కావల్నా, బాగుండాదని చెప్పల్నా?"

"నిజమే చెప్పండి" అన్నాను ఛాతీ విరుచుకుని. "మైకులో లోకానికంతా నిజం చెప్పేవాణ్ణి, నాకేం భయం?"

ఆయన ఫోటోను తలకిందులు చేసి బల్ల మీద పెట్టాడు. "ఇట్ల పెడితే ముఖాలు పోతాయి. మనుషులు ఎట్ల నిలబడినారో అది మిగులుతాది" అని దాని మీదికి వంగాడు. ఎండ నడినెత్తి మీది నుంచి పడిందనీ, అందుకే కళ్ల కింద నలుపు వచ్చిందనీ చెప్పాడు. కెమెరా కిందినుంచి పెట్టడం వల్ల నేను కొండంత కనిపిస్తున్నానని చెప్పాడు. అవన్నీ ఫోటోగ్రాఫరు తప్పులు కాబట్టి హుషారుగా తల ఊపాను.

అప్పుడు ఫోటోను తిప్పి, బొటనవేలితో నా ముఖం మూసేశాడు.

"ఆయమ్మ ఎంతసేపు పట్టుకోనుండాది దీన్ని?"

"కొంచెంసేపే."

"కొంచెంసేపు కాదప్పా. ముంజేతులు సూడు, నరాలు లేసినాయి. ఈ పక్క భుజం దిగిపోయింది. నీ సెయ్యి యాడుండాది?"

"వాక్యం మీద."

"పైన పెట్టినావు. కింద పెట్టలా."

ఆయన వేలు ఆమె కళ్ల దగ్గరికి జరిగింది.

"ఆయమ్మ ఏం సూస్తా ఉండాది?"

అది నాకు తెలుసు. ఆ ఫోటోలో నాకు నచ్చిన ఒకే ఒక్క సంగతి అది. "భక్తితో వాక్యం చూస్తోంది" అన్నాను.

"కాదబ్బా. నీ యేలు సూస్తా ఉండాది. ఎప్పుడు తీస్తావా అని."

వాక్యం తెలియనివాడివి నువ్వేం చెబుతావని కేకలేశాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "నాకు తెలీదు అబ్బా, వాక్యం నీకే తెలుసు. నాకు ఫోటో తెలుసు, అంతే. నవ్వు పెట్టమంటే పెడతా. ఆయమ్మను అడిగినావా, నవ్వు పెట్టేదానికి?"

ఫోటో లాక్కుని వచ్చేశాను. చిత్తూరులో వేరేచోట నవ్వు పెట్టించాను. చక్కగా వచ్చింది, పళ్లు కూడా కనిపించాయి. బంగారుపాళ్యంలో మైదానం దగ్గర హైవే పక్కన, ఆ ఫ్లెక్సీని మనిషికి రెండింతల ఎత్తున కట్టారు. బస్సు దిగి మా ఆవిడ దాని కింద నిలబడి తల ఎత్తి చూసింది.

"ఆయమ్మ ఎవరు?" అంది.

ఎగతాళి లేదు, కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగి, సంచి సర్దుకుని ఆడవాళ్ల వైపు వెళ్లిపోయింది. ఆ ఫ్యాక్టరీ అక్కడికి ఎంతో దూరం లేదు. సీజను అది. గాలిలో గుజ్జు వాసన వస్తోంది. ఆశీర్వాద కుటుంబం గురించి మూడు రోజులు చెప్పాను, సహోదరులారా. జనం ఆమెన్ అన్నారు. ఒక్కొక్క ఆమెన్ నా చుట్టూ ఒక్కొక్క రాయిలా పడింది, గోడ లేచింది, నేను లోపల ఉండిపోయాను. తప్పు చేసిన రాజు ఎదుటికి వెళ్లి మాట్లాడిన ప్రవక్త కథ నేను ఎన్ని ఊళ్లలో చెప్పానో! చెప్పిన ప్రతిసారీ నేనే ఆ ప్రవక్తను. రాజు స్థానంలో నన్ను ఎన్నడూ నిలబెట్టుకోలేదు.

నెల తర్వాత సిగ్గు చంపుకుని స్టూడియో మెట్లు ఎక్కాను. ఆయన ఏమీ జరగనట్టు, "రాప్పా, కూర్చో" అన్నాడు. కాసేపయ్యాక తానే అన్నాడు: "ఆయమ్మను పిలుచుకోని రా. ఇంగో ఫోటో తీస్తా. పుస్తకమొద్దు, కోటొద్దు. ఆయమ్మ యాడ నిలబడతానంటే ఆడ. ఆయమ్మ నిన్ను వద్దంటే నువ్వూ వద్దు."

"తెస్తాను" అన్నాను.

రెండేళ్లు తేలేదు. పిలవాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పాలంటే ఆ రోజు సంగతి ఒప్పుకోవాలి. ఒకవైపు క్రిస్మసు కూటాలు, ఒకవైపు ఉపవాస ప్రార్థనలు, సాకులకేం తక్కువ? ఇంట్లో, మళ్లీ ఫ్రేములో పెట్టి తగిలించిన ఆ నవ్వు లేని ఫోటో కిందే కూర్చుని ప్రసంగాలు రాసుకున్నాను. తీసేస్తే సంఘం ఏమైందని అడుగుతుంది. ఉంచితే అది నన్ను చూస్తుంది. దారిలో కనిపిస్తే పెద్దాయన ఒక్కసారీ గుర్తుచేయలేదు. "బాగుండావా అప్పా" అనేవాడు, నేను బాగున్నానని చెప్పేవాణ్ణి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు.

మంగళవారం వాళ్లింటికి వెళ్లాను. వేలమందిని ఫోటో తీసిన మనిషికి పెద్దది చేయడానికి ఒక్క మంచి ఫోటో లేదు. ఆధారు కార్డులోది సాగదీసి ఫ్లెక్సీ వేశారు. ఆయన చూస్తే ఏమనేవాడో అక్కడున్న అందరికీ తెలుసు. ఆయన భార్య దాని వైపు చూపించి, ఏడుపులోనే, "సూడు నాయనా, ఎంత అధ్వానంగా ఉండాడో" అంది. ఆ ఇంట్లో నిజం ఇంకా బతికే ఉంది.

నేను తిన్నగా ఇంటికి వచ్చాను. మా ఆవిడ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. చెప్పులు విడవకుండానే అడిగాను: "ఆ రోజు, ఫోటో తీసేటప్పుడు, బరువైందా?"

ఆమె చెయ్యి ఆగింది. "ఇప్పుడా అడిగేది?"

"ఇప్పుడే."

"ఆ పొద్దంతా చేతులు వణికినాయి. ఒక్కసారి 'ఇట్లియ్యి, నేను పట్టుకుంటా' అంటారేమో అని సూసినా. అప్పుడు అడిగింటే ఒక్క మాటతో అయిపోయేది. ఇప్పుడు మూడేండ్లది చెప్పల్ల."

"చెప్పు."

"మధ్యలో వాక్యం తీయకుండా వింటారా?"

కూర్చున్నాను. చెప్పింది. ఆమె చెప్పింది ఇక్కడ రాయను, అది నాది కాదు. ఎన్నిసార్లు నాలుక మీదికి వాక్యం వచ్చిందో, ఎన్నిసార్లు మింగానో ప్రభువుకే తెలుసు. సాయంత్రం ప్రార్థనకు వెళ్లే వేళ అయింది. ఇంకా ఉందంది. ఫోటో తీసేస్తానని కుర్చీ వేసుకున్నాను. "ఉండనీయండి. అది నా ఫోటో గూడా. ఎప్పుడు తీయల్లో నేను చెప్తా" అంది. ఇంతవరకూ చెప్పలేదు. అందుకే దాని కిందే కూర్చుని ఇది రాస్తున్నాను. లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఆమె ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఫ్యాక్టరీ వాళ్లో, పుట్టింటివాళ్లో తెలియదు. మాటలు వినిపించడం లేదు. మధ్యలో ఒకసారి నవ్వింది. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. లేచి వెళ్లి ఎవరని అడగాలని కాళ్లు లాగుతున్నాయి. అడిగే హక్కు నాకు లేదు. కూర్చునే ఉన్నాను.

మీరు మాత్రం కూర్చోవద్దు! ఆదివారం దాకా ఆగవద్దు, కూటాలు అయిపోనీ అనవద్దు. మీకు నిజం చెప్పగల మనిషి ఎవరో మీకు తెలుసు. మీరు అడగాల్సిన ప్రశ్న కూడా మీకు తెలుసు. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. వెళ్లి అడగండి. అడిగి నోరు మూసుకుని వినండి. ఈ రోజే, ఇప్పుడే, ఆ మనిషి జవాబు చెప్పడానికి ఉండగానే.